కూలినా మీటరున్నరే

న్యూజిలాండ్‌లో సొంత ఇల్లున్న ప్రతి గృహస్థుడూ పొద్దున్నే స్నానం చేసి పారాయణ చేయదగిన గ్రంథం 2004 నాటి బిల్డింగ్ యాక్ట్. అందులో మొదటి షెడ్యూలు మరీ పుణ్యప్రదం. ఏయే పనులకు కౌన్సిల్ వారి, అంటే మన మునిసిపాలిటీ లాంటి స్థానిక సంస్థవారి, బిల్డింగ్ కన్సెంట్ (కట్టడానికి అనుమతి) అక్కర్లేదో సెలవిచ్చే భాగం అది. ఇంటి వెనక కొయ్యతో డెక్, అంటే ఆరుబయట కూర్చునే చెక్క అరుగు, వేసుకుందామనుకున్నవాడికి అక్కడ ఒక అభయహస్తం కనిపిస్తుంది: డెక్ కూలిపోయినా సరే, దాని మీంచి మనిషి 1.5 మీటర్లకు మించి పడే వీలు లేకపోతే కన్సెంట్ అక్కర్లేదు. మనవాళ్ళు గృహప్రవేశం నాడు ఇల్లు నూరేళ్ళు నిలవాలని దీవిస్తారు. ఈ చట్టం రాసినవారిది అంతకు మించిన ముందుచూపు. కూలే సంగతి మొదటే ఒప్పేసుకుని, పడే ఎత్తు దగ్గర మాత్రమే బేరం పెట్టారు.

ఆ భరోసాతో నేను టేపు పట్టుకుని పెరట్లోకి దిగాను. మాది వాలు నేల. వేయబోయే డెక్ గోడ పక్కన అరమీటరు ఎత్తుంటే, అవతలి కొసన 1.3 మీటర్లు తేలింది. మీటరున్నర దాటలేదు కనక ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. మర్నాడు తెలిసిందేమంటే, కన్సెంట్ అక్కర్లేని పని కూడా, కట్టడం ఎలా ఉండాలో చెప్పే బిల్డింగ్ కోడ్‌కు లోబడే ఉండాలట; మీటరు, ఆపైన ఎత్తు నుంచి పడే అవకాశమున్న చోట రెయిలింగ్ ఉండి తీరాలని ఆ కోడ్ అంటుందట. వెళ్ళి అడగాల్సిన పని లేదు, అడగలేదు కదా అని తప్పించుకునే దారీ లేదు. చిన్నపిల్లలు మసలే ఇళ్ళలో రెయిలింగ్ సందుల్లోంచి 100 మిల్లీమీటర్ల గోళం దూరకూడదన్న సంగతి చదివి వినిపిస్తే మా ఆవిడ, "ఏవండీ, బాబు తల పెట్టి చూద్దామా, బంతి కొనుక్కొస్తారా?" అంది. చట్టం మర్యాద కాపాడటానికి నేను బంతి కొనుక్కొచ్చాను.

ఎందుకైనా మంచిదని కౌన్సిల్‌కు ఫోన్ చేశాను. అవతలి గొంతు ఎంతో మర్యాదగా, నా పనికి మినహాయింపు వర్తిస్తుందో లేదో తేల్చుకోవలసిన బాధ్యత యజమానినైన నాదేనని, అనుమానముంటే నిపుణుల సలహా తీసుకోమని చెప్పింది. నిపుణుడికి ఫీజు ఇవ్వాలి. ఊరికే దొరికే స్వేచ్ఛకు ఇంత ఖర్చవుతుందని నాకు అంతవరకు తెలియదు.

డెక్ కంటే ఉదాత్తమైనది పెరటి గది. 10 చదరపు మీటర్లకు మించని విడి గదిని, మిగతా షరతులకు లోబడి, కన్సెంట్ లేకుండా కట్టుకోవచ్చు. ఉన్న ఇంటికి అనుబంధంగా వాడుకునేటట్లయితే అందులో పడుకోవచ్చు కూడా. వంట ఏర్పాటు మాత్రం ఉండకూడదు. మరుగుదొడ్డి ఉండకూడదు. తాగునీరు నిలవ చేసే ఏర్పాటూ ఉండకూడదు. అంటే ఈ దేశంలో నిద్రకు అనుమతి అక్కర్లేదు గాని, దాహానికి కావాలి. మా అత్తగారు వచ్చినప్పుడు ఆ గదిలో బస ఏర్పాటు చేద్దామని ఒకసారి అనుకున్నాను. అర్ధరాత్రి చలిగాలిలో టార్చిలైటు పట్టుకుని గడ్డి మీద నడిచి వచ్చే ఆవిడ రూపం కళ్ళ ముందు మెదిలింది. చట్టం ఊరుకున్నా ఆవిడ ఊరుకోదు.

ఇంత బాధ ఎందుకు, నేరుగా కన్సెంటే అడుగుదామనే పిరికివారికి వేరే యోగాభ్యాసం ఉంది. దరఖాస్తు మీద కౌన్సిల్ 20 పనిదినాల్లో నిర్ణయం చెప్పాలి. అయితే మరింత సమాచారం కావాలని వారు అడిగిన క్షణాన గడియారం ఆగిపోతుంది. మీరు జవాబిచ్చాకే మళ్ళీ కదులుతుంది. డిసెంబరు 20 నుంచి జనవరి 10 దాకా గడిచే రోజులు ఈ చట్టం దృష్టిలో పనిదినాలే కావు. డిసెంబరు నడుమ దరఖాస్తు పెట్టినవాడు కాలం మాయ అన్న పెద్దల మాటను శంకించడు. తీరా కన్సెంట్ చేతికొచ్చాక 12 నెలల్లో పని మొదలుపెట్టకపోతే, గడువు పొడిగించుకుంటే తప్ప, అది చెల్లకుండా పోతుంది. ఈ ఒక్క గడియారం మాత్రం ఎవరి ప్రశ్నకూ ఆగదు.

కౌన్సిల్ వారిని ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. 1990లలో శుద్ధి చేయని కలపతో, నీరు లోపలికి పోతే ఆరే దారి లేని గోడలతో కట్టిన వేలాది ఇళ్ళు కుళ్ళిపోయాయి. దావాలు పడేసరికి కట్టిన కంపెనీలు చాలావరకు మూతపడి ఉన్నాయి. బాధ్యుల్లో ఎవరు మిగిలితే వారే మొత్తం చెల్లించాలన్న నియమం వల్ల, ఆ ఇళ్ళను తనిఖీ చేసి ఆమోదించిన, పారిపోవడానికి చోటు లేని కౌన్సిళ్ళు, అంటే వాటికి పన్నులు కట్టే మనమే, ఆ భారం మోశాం. అప్పటి నుంచి ఇన్‌స్పెక్టర్ కంటికి ప్రతి మేకూ రేపటి దావాలో సాక్షిలా కనిపిస్తే అతని తప్పేముంది? ఎవరి తప్పుకు వారే బాధ్యులయ్యేలా ఈ నియమాన్ని మారుస్తామని 2025లో ప్రభుత్వం ప్రకటించింది. అలవాటైన భయానికి గజెట్‌తో పనిలేదు కనక నేను తొందరపడి సంతోషించడం లేదు.

ఈ చట్టంలో కరుణ లేదని మాత్రం అనకండి. లిఫ్టులు, అగ్నిమాపక వ్యవస్థల వంటివి ఉన్న భవనాల యజమానులు అవి సక్రమంగా ఉన్నాయని ఏటా వారంట్ ఆఫ్ ఫిట్‌నెస్ అనే ధ్రువపత్రం కౌన్సిల్‌కు సమర్పించాలి. ఒక్క కుటుంబం ఉండే ఇంటికి ఆ బెడద లేదు, కేబుల్ కార్ ఉంటే తప్ప. వెల్లింగ్టన్ కొండల మీద వీధి నుంచి గుమ్మం దాకా సొంత కేబుల్ కార్లలో ఎక్కే ఇళ్ళున్నాయి కనక అది హాస్యం కాదు. మాకు కేబుల్ కార్ లేదు. ఆ లెక్కన నా జాతకం మంచిదే.

ఇక నా డెక్ సంగతి. రెయిలింగ్ ఖర్చు చూశాక నాకొక ఉపాయం తోచింది. డెక్‌ను ఎత్తు తగ్గించలేకపోతే నేలనే ఎత్తు పెంచవచ్చు కదా. అవతలి కొసన నలభై సెంటీమీటర్ల మట్టి పోయిస్తే పడే ఎత్తు మీటరు లోపే ఉంటుంది, బంతితో కూడా పని ఉండదు. మళ్ళీ ఫోన్ చేశాను. మట్టి పని బిల్డింగ్ విభాగం కిందికి రాదని, దానికి రిసోర్స్ కన్సెంట్, అంటే నేల వాడకానికి ఇచ్చే వేరే అనుమతి, కావాలేమో ప్లానింగ్ విభాగంలో కనుక్కోమని చెప్పి అటు కలిపారు. మట్టి ఎన్ని ఘనపు మీటర్లు, ఎంత ఎత్తు, వాననీరు పక్కవారి దొడ్లోకి పోతుందా అని ఆ విభాగం వారు ఓపిగ్గా అడిగి, నేలను ఎలా వాడుకోవచ్చో చెప్పే కౌన్సిల్ వారి డిస్ట్రిక్ట్ ప్లాన్‌లో కొన్ని మట్టి పనులకు కన్సెంట్ అక్కర్లేదని శుభవార్త చెప్పారు. మరి నాది ఆ కోవలోకి వస్తుందా అని అడిగాను. అది మీరే తేల్చుకోవాలండీ, అన్నారు.