మ.రా.రా.శ్రీ నల్ల సంచి గారికి

మహారాజరాజశ్రీ నల్ల సంచి గారి దివ్య సముఖమునకు ఒక గుడ్డసంచి ఆసామి నమస్కరించి వ్రాయునది. ఉభయ కుశలోపరి.

లక్ష డాలర్లు మోసినవారిని నువ్వు అనడానికి నాకు నోరు రాదు, అందుకని మీరు అనే అంటాను. నా సంచి ఇన్నేళ్లలో మోసిన ఘనమైన సరుకు ఒక ఆవకాయ జాడీ. దారిలో మూత వదులై కారిన నూనె మరక ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు. మీచుట్టూ ఒక దేశపు నౌకాదళం చమురంతా కారింది కదా, మీకు మరకే పడలేదు. ఈ ఉత్తరం రాయాలనిపించింది అందుకే.

ముందుగా, అమెరికాలో టీపాట్ డోమ్ కుంభకోణంగా పేరుపడ్డ వ్యవహారంలో మీరు ప్రయాణం కట్టిన ఆ రోజు సంగతి. 1921 నవంబర్ 30. న్యూయార్క్‌లో ఒక బ్రోకరేజీ సంస్థలో ఉన్న తన ఖాతా నుంచి నెడ్ డొహేనీ అనే కుర్రాడు లక్ష డాలర్లు రొక్కం తీశాడు. కాగితంలో చుట్టి మీ కడుపులో పెట్టాడు. ప్లంకెట్ అనే స్నేహితుణ్ణి తోడు తీసుకుని వాషింగ్టన్ వచ్చాడు. వార్డ్‌మన్ పార్క్ హోటల్లో కాపురముంటున్న ఆల్బర్ట్ ఫాల్ గారికి అప్పజెప్పాడు. కుర్రాడి తండ్రి ఎడ్వర్డ్ డొహేనీ చమురు బావుల కుబేరుడు. ఫాల్ గారు అమెరికా అధ్యక్షుడు హార్డింగ్ కొలువులో అంతర్గత వ్యవహారాల మంత్రి. పేరు అలా ఉంటుంది గానీ, పని ప్రభుత్వ భూములూ గనులూ చూసుకోవడం. జీతం ఏడాదికి 12,000 డాలర్లు. అంటే ఒక్క ప్రయాణంలో మీరు ఎనిమిదేళ్ల జీతానికి పైమాటే మోసుకొచ్చారు. పెద్దాయనకు చెక్కు పుస్తకం లేక కాదు. చెక్కయితే బ్యాంకువాడి కంట పడుతుంది, మీరైతే ఎవరి కంటా పడరు.

సరిగ్గా రెండు రోజుల ముందు, నవంబర్ 28న, పెద్ద డొహేనీ ఫాల్ గారికి ఒక వ్యాపార ప్రతిపాదన పంపాడు. హవాయిలోని పెర్ల్ హార్బర్‌లో నౌకాదళానికి చమురు ట్యాంకులు కట్టిస్తాను, బదులుగా మీ ముడిచమురు నాకివ్వండి అని. ముందు ఉత్తరం, వెనక సంచి. మా ఆఫీసుల్లో అర్జీకి కవరు జత చేయడం అంటారు.

ఏ చమురు అంటారా? యుద్ధమొస్తే ఓడలకు కావాలని భూమిలోనే ఉంచేసిన చమురు. కాలిఫోర్నియాలో ఎల్క్ హిల్స్, బ్యూనా విస్టా హిల్స్, వయోమింగ్‌లో టీపాట్ ఆకారపు రాయి పేరు పెట్టుకున్న టీపాట్ డోమ్. అమ్మమ్మలు బియ్యం డబ్బా అడుగున దాచే నోటు లాంటిదన్నమాట. ఆ డబ్బా నౌకాదళం దగ్గర ఉండేది. 1921 మే 31న హార్డింగ్ ఒక సంతకంతో దాన్ని ఫాల్ గారి శాఖకు మార్చాడు. నౌకాదళ మంత్రి డెన్బీ అడ్డు చెప్పలేదు. 1922 ఏప్రిల్ 7న టీపాట్ డోమ్ మొత్తం, 9,400 ఎకరాలకు పైగా, పాట లేదు, టెండరు లేదు, హ్యారీ సింక్లెయిర్ అనే ఇంకో చమురు ఆసామి కంపెనీకి పోయింది. ఎల్క్ హిల్స్ మీ డొహేనీకి. అందులో పది కోట్ల డాలర్ల లాభం రాకపోతే మా దురదృష్టమే అని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. కంచే చేను మేయడం మేం ఎరుగుదుం. ఇక్కడ కంచె కాస్త చదువుకున్నది. తను మేయకుండా చేను కౌలుకు రాసిచ్చేసింది.

హార్డింగ్ గురించి ఎక్కువ చెప్పను. ఆయన చేతికి ఒక్క డాలరు అంటినట్టు ఎవరూ రుజువు చేయలేదు. శత్రువులతో బెంగలేదు, రాత్రిళ్లు నిద్రలేకుండా పచార్లు చేయిస్తున్నది స్నేహితులే అని ఒక పత్రికా సంపాదకుడి దగ్గర వాపోయాడట. 1923 ఆగస్టు 2న శాన్‌ఫ్రాన్సిస్కోలో కన్నుమూశాడు. పంచాయితీ అంతా ఆయన పోయాకే.

బయటపడ్డది ఎలాగంటే, కొత్త సిరి దాగదు కనుక. న్యూ మెక్సికోలో త్రీ రివర్స్ అనేచోట ఫాల్ గారి పశువుల క్షేత్రం ఉంది. దాని పన్ను 1912 నుంచి బాకీ. 1922లో ఉన్నట్టుండి బాకీ తీరింది, పక్క క్షేత్రం కూడా ఈయన పేరు మీదికి వచ్చింది. ఈ మార్పులన్నీ చూసిన ఆల్బుకర్కీ సంపాదకుడొకాయన సెనేట్ ముందుకొచ్చి పూసగుచ్చినట్టు చెప్పాడు. మోంటానా సెనేటర్ థామస్ వాల్ష్ ఆ దారం పట్టుకుని లాగడం మొదలెట్టాడు. పెద్ద పెద్ద పత్రికలు తిట్టింది ఎవరిననుకున్నారు? వాల్ష్‌నే. మర్యాదస్తుల పరువు తీస్తున్నాడని.

డబ్బెక్కడిదయ్యా అంటే ఫాల్ గారు మీ పేరు ఎత్తలేదు. వాషింగ్టన్ పోస్ట్ యజమాని మెక్లీన్ అప్పిచ్చాడన్నారు. మెక్లీన్ ఫ్లోరిడాలో ఎండ కాచుకుంటూ, ఆరోగ్యం బాగాలేదు రాలేనన్నాడు. వాల్ష్ రైలెక్కి పామ్ బీచ్‌కే వెళ్లాడు. మెక్లీన్ నిజం కక్కాడు: చెక్కులు ఇచ్చిన మాట వాస్తవమే గానీ మార్చకుండానే తిరిగొచ్చాయి. డబ్బు సంగతి ఎలా ఉన్నా, అబద్ధం మాత్రం మెక్లీన్ దగ్గర అరువు తెచ్చుకున్నదే.

అప్పుడొచ్చారు మీరు రంగం మీదికి. 1924 జనవరి 24న పెద్ద డొహేనీ సెనేట్ కమిటీ ముందు కూర్చుని, ఆ లక్షా నేనిచ్చాను, మావాడు చిన్న నల్ల సంచిలో పట్టుకెళ్లాడు అన్నాడు. లంచమా? అబ్బే. కుర్రతనంలో ఇద్దరూ న్యూ మెక్సికో కొండల్లో గనుల కోసం తిరిగిన స్నేహితులట, కష్టంలో ఉంటే చేబదులిచ్చాడట. మామూలువాడికి పాతిక, యాభై డాలర్లు ఎంతో తనకు లక్ష అంతట.

మరి ప్రోనోటు ఏదయ్యా అన్నారు. తెచ్చి చూపించాడు. సంచి గారూ, ఆ కాగితం మీద సంతకం ఉండాల్సిన చోట సంతకం లేదు. చింపేసి ఉంది. చింపిన ముక్క భార్య దగ్గర దాచాడట. హఠాత్తుగా నేను పోతే నా వారసులు పాపం ఫాల్ మీద పడి పీడించకూడదు కదా, అన్నాడు. ఇంతటి దయగల అప్పులవాణ్ణి నేను పురాణాల్లోనూ చదవలేదు. మొన్నామధ్య నేను బంగారం కుదువపెట్టి లక్షన్నర తీసుకోబోతే, బ్యాంకులో పదకొండు చోట్ల సంతకం పెట్టించి, పన్నెండోచోట 'ద' కొమ్ము తేడాగా ఉందని మొత్తం మళ్లీ రాయించారు. సంతకం చింపుకుని అప్పిచ్చే విధానం మన దగ్గర ఎప్పుడొస్తుందండీ అని ఆ క్లర్కును అడగాల్సింది.

మీరొక్కరే మోశారని గర్వపడకండి. సింక్లెయిర్ దారి వేరు. ఫాల్ గారి క్షేత్రానికి ఆరు పెయ్యలు, ఒక కోడె, కొన్ని పందులు పంపాడు. దీనిమీద సెనేట్‌లో జరిగిన ముచ్చట వినండి. మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కొడుకు ఆర్చీ, సింక్లెయిర్ దగ్గర ఉద్యోగి. రాజీనామా చేసి వచ్చి సాక్ష్యం చెప్పాడు: ఫాల్ క్షేత్రం మేస్త్రీకి 68 వేల డాలర్లు ముట్టినట్టు సింక్లెయిర్ సెక్రటరీయే నాతో అన్నాడని. ఆ సెక్రటరీని పిలిచి అడిగితే, అయ్యో నేనన్నది 'సిక్స్ ఆర్ ఎయిట్ కౌస్', ఆయనకు 'సిక్స్టీ ఎయిట్ థౌ' అని వినపడి ఉంటుంది అన్నాడు. ఆరో ఎనిమిదో ఆవులు! చెవి తడబడితే ఆవుల మంద అరవై ఎనిమిది వేలయిపోతుందన్నమాట. తర్వాత తవ్వితే ఆవులేం ఖర్మ, రెండు లక్షల డాలర్లు దాటిన లిబర్టీ బాండ్లు, అంటే ప్రభుత్వ రుణపత్రాలు, ఫాల్ గారికి చేరినట్టు తేలింది. చేర్చింది సాక్షాత్తూ ఆయన అల్లుడు. అత్త సొమ్ము అల్లుడు దానం అనడమే మనకు తెలుసు, దేశం సొమ్ముకి మామగారి దానం పుచ్చుకొచ్చిన అల్లుడు ఈయన.

కోర్టుల సంగతి గబగబా చెప్పేస్తాను, అన్నీ చెబితే మీ జిప్పు తుప్పు పడుతుంది. 1926 డిసెంబరులో ఫాల్, డొహేనీల మీద కుట్ర కేసు: ఇద్దరూ నిర్దోషులు. 1927లో సుప్రీంకోర్టు ఆ కౌళ్లన్నీ అవినీతిలో పుట్టినవేనని కొట్టేసింది. అదే ఏడాది ఫాల్, సింక్లెయిర్‌ల విచారణ నడుస్తుంటే, సింక్లెయిర్ జ్యూరీ వాళ్ల వెనకాల డిటెక్టివ్‌లను తిప్పుతున్నాడని తెలిసి మధ్యలో ఆగిపోయింది. 1928లో మళ్లీ నడిపితే సింక్లెయిర్ నిర్దోషి. ఆయన చివరికి కొన్ని నెలలు జైల్లో ఉన్నాడు, కానీ చమురు కోసం కాదు. జ్యూరీ వెనక మనుషుల్ని పెట్టినందుకూ, సెనేట్ అడిగినదానికి బదులు చెప్పనందుకూ. మందుల కొట్టు చదువు ఉంది కనుక జైల్లో మందులిచ్చే పని చూసుకున్నాడు.

ఇక మీ కేసు. 1929 అక్టోబర్ 25. ఫాల్ గారు జబ్బుతో, చక్రాల కుర్చీలో. లక్ష డాలర్లు లంచం పుచ్చుకున్నాడు, దోషి, కాస్త దయచూపండి అంది జ్యూరీ. ఏడాది జైలు, లంచం ఎంతో అంతే జరిమానా, లక్ష. పదవిలో ఉండి చేసిన నేరానికి జైలుకెళ్లిన మొట్టమొదటి అమెరికా మంత్రి ఆయనే. ఐదు నెలలు తిరక్కుండా, 1930 మార్చిలో, అదే వాషింగ్టన్‌లో ఇంకో జ్యూరీ కూర్చుంది. అదే లక్ష, అదే రోజు, అదే సంచి. డొహేనీ లంచం ఇచ్చాడా? ఇవ్వలేదు, నిర్దోషి.

నేనడగాలనుకున్నది ఇదే. న్యూయార్క్‌లో మీలో పెట్టినప్పుడు అది అప్పు. వాషింగ్టన్‌లో మీలోంచి తీసినప్పుడు లంచం. పోసినవాడు పాలే పోశానన్నాడు, కోర్టు నిజమేనంది. తాగినవాడు పెరుగు తాగాడని జైలుకెళ్లాడు. మధ్యలో ఉన్న గిన్నె మీరు. మీ అడుగున ఎక్కడైనా మజ్జిగచుక్క ఉండిపోయిందా? అందరి మీదా కేసులు పెట్టారు, మీ మీద ఎవరూ పెట్టలేదేం?

మిమ్మల్ని పట్టుకెళ్లిన ఇద్దరు కుర్రాళ్లూ, నెడ్డూ ప్లంకెట్టూ, 1929 ఫిబ్రవరి 16న బెవర్లీ హిల్స్‌లోని ఒకే ఇంట్లో తుపాకి గుళ్లకు పోయారు. ఈ మాట దగ్గర నాకు వెటకారం రాదు. వాళ్లు ఇచ్చినవాళ్లూ కాదు, పుచ్చుకున్నవాళ్లూ కాదు.

ఫాల్ గారు 1931 జులైలో శాంటా ఫే జైల్లోకి వెళ్లి, తొమ్మిది నెలలు చిల్లర ఉండి వచ్చారు. జరిమానా కట్టలేదు, కట్టడానికేమీ మిగల్లేదు. మిగిలిన త్రీ రివర్స్ ఇల్లు కూడా 1930లలో పోయింది. జప్తు చేసింది డొహేనీ గారి కంపెనీ. కారణం, తీర్చని అప్పు. అవునండీ, ఆ లక్షే. చింపిన ప్రోనోటు, స్నేహితుడి మీద జాలి, వారసులు పీడించకూడదన్న ముందుచూపు, అన్నీ ఏమయ్యాయో మరి. పెరుగు మళ్లీ పాలవడం నేను ఏ వంటింట్లోనూ చూడలేదు. తీరిక చేసుకుని ఆ కిటుకొకటి రాయగలరు.

ఇట్లు,
నూనె మరక పోని ఒక గుడ్డసంచి ఆసామి

తా.క.: టీపాట్ డోమ్‌కి పేరిచ్చిన రాయికి ఇప్పుడు ముక్కూ లేదు, పిడీ లేదు, రెండూ విరిగి రాలిపోయాయి. 2015లో ఆ చమురు క్షేత్రాన్ని ప్రభుత్వం బహిరంగంగా బేరాలు పిలిచి 4.5 కోట్ల డాలర్లకు అమ్మేసింది. మీకు కబురు వచ్చి ఉండదు.