ఆకాశం నుంచి దిగిన డేటా చేను గట్టు దాకా రావాలంటే

బోరు వేయించే ముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగే మనిషి మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నాడు. కాయ లేచి నిలబడిన చోటే పాయింటు. నీళ్లు పడితే ఆయన గొప్ప, పడకపోతే రైతు ఖర్మ. నేల కింద నీటి బరువు తగ్గితే పసిగట్టే ఉపగ్రహాలు కూడా అదే పొలం మీదుగా వెళుతుంటాయి. ఈ రెంటి మధ్య ఉండాల్సిన మనిషి మనకు లేడు. భూమి, అంతరిక్ష శాస్త్రాల చదువుల గురించి మాట్లాడాలంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ ఖాళీయే.

2002 మార్చిలో నాసా, జర్మనీ కలిసి గ్రేస్ అనే జంట ఉపగ్రహాలను పంపాయి. సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో ఒకదాని వెనక ఒకటి తిరిగేవి. కింద బరువు ఎక్కువున్న చోటు వస్తే అది ముందున్నదాన్ని ముందుగా లాగుతుంది, రెంటి మధ్య దూరం వెంట్రుక మందం కంటే తక్కువగా మారుతుంది. ఆ మార్పును కొలిచి, కింద నీరెంత తగ్గిందో లెక్కగట్టారు. రాజస్థాన్, పంజాబ్, హర్యానాల్లో 2002 నుంచి 2008 లోపు 109 ఘన కిలోమీటర్ల భూగర్భ జలం పోయిందని నాసా శాస్త్రవేత్త మాథ్యూ రోడెల్ బృందం 2009లో తేల్చింది. మన లెక్కలో అది దాదాపు 3,850 టీఎంసీలు. అంటే ఇప్పుడున్న నాగార్జునసాగర్ పన్నెండు సార్లు నిండినా ఇంకా మిగిలే నీళ్లు. ఉత్తర భారతం మీద ఇలాంటి లెక్కే అదే ఏడాది హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) నుంచి వి.ఎం. తివారీ, సహ పరిశోధకులు వేశారు.

అయితే ఆ ఉపగ్రహం చూపు వందల కిలోమీటర్లలో ఉంటుంది. రాష్ట్రం గురించి చెప్పగలదు, చేను గురించి చెప్పలేదు. తెలంగాణ, రాయలసీమల్లో చాలావరకు గట్టి రాయి. నీళ్లుండేది దాని పగుళ్లలోనే. పది గజాల అవతల పడ్డ నీళ్లు ఇక్కడ పడవు. నాలుగు ఇనుప కడ్డీలు నేలలో దిగ్గొట్టి, కరెంటు పంపి, రాయి ఎంత అడ్డుపడుతోందో కొలిస్తే తడి ఉన్న పగులు ఎక్కడుందో అంచనా దొరుకుతుంది. ఈ పద్ధతి కొత్తదేం కాదు. ఖాయంగా నీళ్లు పడతాయన్న హామీ కూడా ఇవ్వదు. కానీ కొబ్బరికాయ కంటే నయం.

ఉపగ్రహాల కొరత మాత్రం ఇప్పుడు లేదు. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ మీద వెళ్లిన నిసార్, నాసా-ఇస్రోల ఉమ్మడి రాడార్ ఉపగ్రహం, ప్రతి చోటికీ 12 రోజులకోసారి తిరిగొస్తుంది. మబ్బులున్నా, చీకటైనా నేల కదలికను సెంటీమీటర్ల లెక్కన పట్టగలదు. రోజుకు దాదాపు 80 టెరాబైట్ల డేటా తయారవుతుందని నాసా అంచనా. అదంతా ఉచితం. విప్పి చదవడం వచ్చినవాళ్లకు మాత్రమే ఉచితం, అది వేరే మాట.

నిసార్ కూడా చూడలేనివి ఉన్నాయి. 2025 ఫిబ్రవరి 22న నల్లమలలో, దోమలపెంట వైపు, శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. పైన పులుల అభయారణ్యం, కింద వందల మీటర్ల రాయి. తవ్వుతూ వెళ్తుంటే ముందున్నది గట్టి రాయా, నీళ్లూరే చితికిన రాయా అని చెప్పాల్సింది భూగర్భ శాస్త్రమే. సంఘటన జరిగాక ఎన్‌జీఆర్‌ఐ వాళ్లను రాడార్లతో రప్పించారు. మన దగ్గర జియాలజిస్టును ఎక్కువగా పిలిచేది అప్పుడే, కూలిన తర్వాత.

ఇంటర్ పిల్లల్ని అడగండి, సగం మంది ‘ఇస్రోలో చేరాలి’ అంటారు. మంచిదే. కానీ ఇస్రో పెద్దఎత్తున తీసుకునేది ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్ ఇంజినీర్లను. చంద్రయాన్-3 దిగిన రోజు దేశమంతా చప్పట్లు కొట్టింది. ఆ రోవర్ 103 మీటర్లు నడిచి 23 చోట్ల మట్టిని పరీక్షించిందనీ, చంద్రుడి పైపొర ఒకప్పుడు కరిగిన శిలాసముద్రమన్న వాదనకు దాంతో బలం వచ్చిందనీ 2024లో అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ (పీఆర్‌ఎల్) బృందం రాస్తే ఎంతమంది చదివారు? అదీ రాళ్ల చదువే. ‘రాళ్ల చదువా?’ అని ముఖం చిట్లించే తల్లిదండ్రులకు ఎవరైనా ఈ మాట చెప్పాలి.

దారులు ఉన్నాయి. మాస్టర్స్‌కు ఐఐటీల ప్రవేశ పరీక్ష జామ్‌లో జియాలజీ పేపరు ఉంది. ఆ తర్వాత గేట్. యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష రాస్తే 1851లో పుట్టిన జియలాజికల్ సర్వేలోనో, కేంద్ర భూగర్భ జల బోర్డులోనో గ్రూప్ ఏ ఉద్యోగం. హైదరాబాద్‌లోనే ఎన్‌జీఆర్‌ఐ, ఇస్రోకు చెందిన రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ, అణు ఖనిజాల సంస్థ ఉన్నాయి. సముద్రం లేని ఊళ్లో కూర్చుని హిందూ మహాసముద్రానికి సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ కూడా ఇక్కడిదే. తిరుపతి దగ్గర గాదంకిలో గాలి పొరల్ని చదివే పెద్ద రాడార్ ఉంది.

కానీ ఈ చిరునామాలు చూసి మోసపోకూడదు. పోస్టులు తక్కువ. రీసెర్చ్ ఫెలోకు మొదట్లో నెలకు 37 వేలు, అదీ జాతీయ అర్హత పరీక్ష నెట్ పాసైతే. పీహెచ్‌డీ తర్వాత చాలామంది ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే ఉంటారు. రెన్యువల్ టెన్షన్ తట్టుకోలేక డేటా సైన్స్ నేర్చుకుని సాఫ్ట్‌వేర్‌కు వెళ్లిపోతే వాళ్లను తప్పుబట్టలేం. ‘యువత సైన్స్‌లోకి రావాలి’ అని వేదికలెక్కి చెప్పేవాళ్లు జీతం మాట దాటవేస్తారు. నాకు చిరాకు తెప్పించేది అదే.

నిజానికి పని ఎక్కడుందో వెతకనక్కర్లేదు. మండలానికో వ్యవసాయాధికారి ఉన్నాడు. భూగర్భ జల శాఖ మాత్రం జిల్లా కేంద్రం దగ్గరే ఆగిపోతుంది. మండలానికి ఒక్క జియాలజిస్టు పోస్టు, ఆ నాలుగు కడ్డీల పరికరం, నిసార్ డేటా చదివే ఒక కంప్యూటర్ ఇస్తే రెండు రాష్ట్రాల్లో కలిపి వెయ్యికి పైగా ఉద్యోగాలు. ఉత్తబోర్ల మీద రైతులు పోగొట్టుకునే డబ్బు ముందు ఈ ఖర్చు పెద్దదని నేననుకోను. అప్పటిదాకా రైతు ఫోన్ చేస్తే ఆ పూటే బండేసుకుని వచ్చేది కొబ్బరికాయ మనిషే.