పాట ఉంది, గొంతే దొరకట్లేదు

విశాఖలో కరోకే పాడేవాళ్లకు కొదవ లేదు. నేను కట్టిన పాటకు డెమో పాడమంటేనే అందరికీ గొంతు పట్టేస్తుంది. ఎంవీపీ కాలనీ కుర్రాడు "ట్రాక్ పంపండన్నా" అన్నాడు. పంపాను. నీలి టిక్కులు పడ్డాయి, అంతే.

గాజువాక నుంచి ఒకమ్మాయి నిజంగానే వచ్చింది, బాగా పాడుతుంది కూడా. కానీ నా ట్యూన్ ఒకటిన్నర శ్రుతిలో ఉంది, ఆమెకు ఐదు, అంటే ఇంకా పై స్థాయి కావాలి. కీబోర్డైతే శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కితే సరి, గిటార్ మాత్రం మళ్లీ వాయించాలి. వాయించాను. ఈలోగా ఆమెకు సెమిస్టర్ పరీక్షలు!

స్టూడియో అద్దె నాదే, ఆటో ఛార్జీలూ నావే. అయినా అందరిదీ ఒకటే ప్రశ్న: "సినిమాలో వస్తుందా అన్నా?" సినిమావాళ్లకు వినిపించడానికేరా బాబూ ఈ డెమో!

నిన్న విసుగొచ్చి నేనే పాడేశాను. మా ఆవిడ వచ్చి కిటికీ మూసింది.