వేళలు కలిసినంత మాత్రాన ఎదురుపడినట్టు కాదు
పులి, చిరుత తిరిగే వేళలు చాలావరకు కలుస్తున్నాయి కాబట్టి అవి తరచూ ఎదురుపడుతున్నాయని అడవి కెమెరా ఫొటోల మీద వచ్చిన వ్యాసంలో రాశారు. ఈ ఒక్క మాట నేను ఒప్పుకోలేను. వేళలు ఎంత మేర కలిశాయో చెప్పే ఓవర్‌ల్యాప్ విలువ 0 (అసలు కలవకపోతే) నుంచి 1 (పూర్తిగా కలిస్తే) మధ్య ఉంటుంది. కెమెరా ట్రాప్ (జంతువు ముందు నుంచి వెళ్తే దానంతటదే ఫొటో తీసే కెమెరా) ఫొటోలు పడిన వేళలను బట్టి, ఏ వేళ ఎంతగా తిరుగుతుందో చూపేలా ఒక్కో జంతువుకు 24 గంటల గీత గీసి, రెండు గీతల కింద ఉమ్మడిగా ఉన్న భాగం ఎంతో చూడటమే అది. అందులో చోటు లెక్క లేదు, తేదీ లెక్కా లేదు. చిరుత ఇవాళ తెల్లవారుజామున 4 గంటలకు ఒక వాగు దగ్గర, పులి పది రోజుల తర్వాత అదే వేళకు ఇరవై కిలోమీటర్ల అవతల కనిపించినా వేళలు కలిసినట్టే వస్తుంది. చిరుత వేళ మార్చుకోకుండా దారి మార్చుకుని కూడా పులిని తప్పించుకోవచ్చు కదా! ఒకే కెమెరా ముందు నుంచి పులి వెళ్లాక ఎంతసేపటికి చిరుత వచ్చిందో చూస్తే అసలు సంగతి కొంతైనా తెలుస్తుంది. కెమెరాలోని గడియారం విషయం కూడా చెప్పాలి. నల్లమల ఫొటోలు వేరుచేసే పనిలో కొన్నాళ్లు సాయం చేశాను. మధ్యాహ్నం 1 గంట అని ముద్రపడిన కణితి (సాంబర్ జింక) ఫొటో చూస్తే చుట్టూ చిమ్మచీకటి. బ్యాటరీలు మార్చినప్పుడు ఏఎం, పీఎం తారుమారయ్యాయి. ఆ కెమెరా ఫొటోలన్నీ మళ్లీ మొదటి నుంచి సరిచూడాల్సి వచ్చింది. పైగా మన దగ్గర జూన్‌కీ జనవరికీ సూర్యోదయంలో దాదాపు గంట తేడా. ఏడాది ఫొటోలు కలిపేటప్పుడు ఆ తేడాను సర్దారో లేదో, ఒక్కో జంతువుకు ఎన్ని ఫొటోలు దొరికాయో కూడా రాసి ఉండాల్సింది.