పలచని అడవిలో మొక్కలు నాటే గుంతలు ఎక్కడ తవ్వుతున్నాం?

అడవి బాగుందో లేదో మన దగ్గర చెట్ల గొడుగును, అంటే కొమ్మలూ ఆకులూ నేలను ఎంత మేర కప్పాయన్నదాన్ని బట్టి తేలుస్తారు. భారత అటవీ సర్వే లెక్కలో గొడుగు 10 నుంచి 40 శాతం ఉంటే పలచని అడవి, 10 లోపైతే చిట్టడవి. ఆ వర్గీకరణకు వాడుతూ వచ్చిన ఉపగ్రహ చిత్రాల్లో ఒక్కో గడి (పిక్సెల్) భుజం 23.5 మీటర్లు. నల్లమల, శేషాచలం లాంటి ఆకురాల్చే అడవుల్లో గడ్డి, గుల్మాల (మెత్తని కాడ ఉండే చిన్న మొక్కల) వైవిధ్యాన్ని నిర్ణయించే తేడాలు ఒకటి రెండు మీటర్లలోనే ఉంటాయి. అవి ఆ గడికి అందవు.

చిరుమాను నీడలో తడి నిలుస్తుంది, నేలవేము పెరుగుతుంది. టేకు కింద అలా కాదు. వెడల్పాటి ఆకులు దొంతరగా పడి, సన్న విత్తనం మొలకెత్తినా వేరు మట్టిని అందుకోలేక ఎండిపోతుంది. నాలుగడుగులు జరిగితే రాతిపలక. అంచున రెండు నుంచి ఐదు సెంటీమీటర్ల మట్టి. వారం వాన లేకపోతే అది వట్టిపోతుంది కాబట్టి, త్వరగా కాయ కాసి ముగించుకునే ఏకవార్షికాలకే అక్కడ చోటు. అదే పలక మీద ఊట జారే చోట తడి ఉంటుంది, పోషకాలు ఉండవు. పురుగుల్ని పట్టి నత్రజని తెచ్చుకునే డ్రోసెరా అలాంటి చోటే బతుకుతుంది.

చాలామంది మరిచేది వెలుతురు సంగతి. వేసవి మొదట్లో ఈ అడవి బోడిగా, ఎండగా ఉంటుంది, కానీ నేలలో తడి ఉండదు. తడి వచ్చాక జులై కల్లా గొడుగు నిండుతుంది. నీళ్లు దొరికే కాలమే నీడ కమ్ముకునే కాలం. నేలతాడి దుంపలో దాచుకున్న బలంతో తొలి వానలకే ఆకు వేసి, నేలకు ఆనుకుని పసుపు పువ్వు పూసి, ఆ కొద్ది వ్యవధిని వాడుకుంటుంది.

అందుకే మొక్కల సర్వేలో, జాతులు లెక్కించడానికి నేల మీద గీసే చదరాలను లాటరీ పద్ధతిలో వేస్తే ఊటలు, రాతి అంచులు ఒక్కటీ తగలకపోవచ్చు. ముందు చోట్లను విడదీయాలి: చెట్టు నీడ, ఎండపడే ఖాళీ, రాతి అంచు, ఊట, పుట్ట, వాగు గట్టు. ఒక్కో రకంలో కనీసం పది చదరాలు, ఒక్కోటి మీటరుకు మీటరు. నాలుగు మూలలా, మధ్యలో ఇనప ఊచ దించి మట్టి లోతు కొలవాలి. ఆకుచెత్త మందం రాయాలి. తొలకరి తర్వాత ఒకసారి, అక్టోబరు చివర మళ్లీ వెళ్లాలి. పూత రాని గడ్డిని గుర్తుపట్టడం నిపుణులకూ కష్టం, అలాగని ఆలస్యం చేస్తే దుంపజాతుల పూత దాటిపోతుంది. జీపీఎస్ ఒక్కదాన్నే నమ్మొద్దు. చెట్ల కింద అది ఐదు పది మీటర్లు తప్పుతుంది, చదరం మీటరే. దగ్గరి చెట్టుకు నంబరు వేసి, దిక్కు, టేపు దూరం రాసుకోవాలి.

ఇదేమీ చేయకుండా 'పలచన' అన్న ముద్ర చూసి మొక్కలు నాటించడం తప్పు. 45 సెంటీమీటర్ల గుంత పలక మీద దిగదు. కూలీలు మట్టి చిక్కే సందుల్లోనే తవ్వుతారు, గుల్మాలకు ఆధారం ఆ సందులే. తిరగేసిన మట్టిలో వయ్యారిభామ, హిప్టిస్ లాంటి కలుపు మొక్కలు ముందుగా లేస్తాయి. ఊటకు పైన కందకం తీస్తే నీటి దారి మారి కింద డ్రోసెరా ఎండుతుంది. నేలవేముకు దాయాది అయిన ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయానా లాంటి, ఈ తూర్పు కనుమలకే పరిమితమైన గుల్మాలున్న కొండలివి.

అటవీ కార్యప్రణాళికల్లో పలకలను, ఊటలను, వాటి చుట్టూ కొన్ని మీటర్ల నేలను తవ్వకూడని చోట్లుగా గీయాలి. నాటిన మొక్కలు ఎన్ని బతికాయో లెక్కించేటప్పుడే, అంతకుముందు అక్కడున్న జాతుల్లో ఎన్ని మిగిలాయో అవే చదరాల్లో చూసి నివేదికలో రాయాలి.