రేకుల షెడ్డులో వైర్‌లెస్ అలారం పనిచేయదనే ప్రచారం సరైనది కాదు

జీడిమెట్ల, చర్లపల్లి, కాటేదాన్ పారిశ్రామికవాడల్లో చిన్న పరిశ్రమలు, గోదాములు నడిపేవారి మధ్య ఒక వాట్సాప్ సందేశం బాగా తిరుగుతోంది. ఇనుప రేకుల షెడ్డు తరంగాలను అడ్డుకునే ఫారడే పంజరంతో (లోహపు ఆవరణతో) సమానమనీ, అందులో వైర్‌లెస్ అలారం పెట్టడం డబ్బు దండగనీ, పగలు పనిచేసిన అలారం రాత్రి మూగబోవడమే అందుకు రుజువనీ, తప్పదనుకుంటే మొబైల్ సిగ్నల్ బూస్టర్ బిగించుకోవాలనీ దాని సారాంశం. దీన్ని నమ్మి లక్షల విలువైన సరుకును తాళం భరోసా మీద వదిలేస్తున్నవారు ఉన్నారు కనుక ఇందులోని ఒక్కో మాటనూ పరిశీలించక తప్పదు.

మైకేల్ ఫారడే 1836లో లోహపు రేకు తొడిగిన గదితో నిరూపించినది, అన్ని వైపులా మూసిన లోహపు ఆవరణ బయటి విద్యుత్ ప్రభావాన్ని లోపలికి రానివ్వదని. వెలుతురు కోసం వేసిన పారదర్శక రేకులు, గాలి కోసం వదిలిన సందులు ఉన్న మన షెడ్లు అంత పకడ్బందీ ఆవరణలు కావు. అంతకన్నా ముఖ్యంగా, సెన్సార్లూ, వాటి సిగ్నల్ అందుకుని అలారం మోగించే ప్యానెలూ రెండూ షెడ్డు లోపలే ఉన్నప్పుడు వాటి మధ్య గోడే లేదు; చుట్టూ ఉన్న రేకులు తరంగాలను తిప్పికొట్టి మూలమూలలకూ చేరవేస్తాయి. అసలు చిక్కు ఈ ప్రతిఫలనాలతోనే వస్తుంది. వేర్వేరు దారుల్లో వచ్చిన తరంగాలు కొన్ని చోట్ల ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మన దేశంలో లైసెన్సు అక్కరలేని 865–868 మెగాహెర్ట్జ్ పరిధిలో తరంగదైర్ఘ్యం సుమారు 35 సెంటీమీటర్లు కాబట్టి, సిగ్నల్ అందని సెన్సార్‌ను అర జానెడు పక్కకు జరిపితే చాలాసార్లు అందుతుంది.

రాత్రి మూగబోవడానికి కారణం వేరు. ప్యానెల్‌ను పక్కనున్న ఆఫీసు గదిలో పెట్టి, పగటిపూట షట్టర్ ఎత్తి ఉండగా పరీక్షిస్తే సిగ్నల్ ఆ ఖాళీ గుండానే వెళ్తుంది. రాత్రి షట్టర్ దించగానే ఆ దారి మూసుకుపోతుంది. ఖాళీ షెడ్డులో పరీక్షించి, తరువాత ఇనుప ర్యాకులు, డ్రమ్ములు నింపినా ఇదే జరుగుతుంది. షట్టర్లన్నీ దించి, సరుకు యథాస్థానంలో ఉంచి, ఒక్కో సెన్సార్ దగ్గర సిగ్నల్ బలం చూడకుండా బిల్లు చెల్లించకూడదని నా గట్టి అభిప్రాయం. బలం చాలని చోట ప్యానెల్‌ను లోపలికి మార్చాలి, లేదా రిసీవర్‌ను షెడ్డులో పెట్టి కేబుల్‌తో ప్యానెల్‌కు కలపాలి.

ఇనుప తలుపు మీద డోర్ సెన్సార్ సరిగా పనిచేయదన్న మాట కూడా వినిపిస్తోంది; అందులో కొంత నిజముంది. ఈ సెన్సార్ తనకు జతగా బిగించే అయస్కాంతం మీద ఆధారపడుతుంది; తలుపు ఉక్కు ఆ అయస్కాంత క్షేత్రాన్ని తనవైపు లాక్కుంటుంది, లోహానికి అతుక్కున్న యాంటెన్నా సామర్థ్యమూ పడిపోతుంది. వాటి వెనుక ప్లాస్టిక్ ముక్క పెట్టి బిగించడం, షట్టర్లకు ఎక్కువ ఎడాన్ని తట్టుకునే రకం వాడటం దీనికి పరిష్కారం. మే నెలలో రేకుల కింద వేడి మనిషి ఒంటి ఉష్ణోగ్రతకు దగ్గరైనప్పుడు కదలికను పట్టే సెన్సార్ తడబడటాన్ని కూడా వైర్‌లెస్ ఖాతాలోనే వేస్తున్నారు; వైరు లాగిన సెన్సార్ కూడా ఆ వేడిలో అలాగే తడబడుతుంది.

రేకు నిజంగా అడ్డుపడేది, యజమానికి కబురు పంపడానికి ప్యానెల్‌లో ఉండే సిమ్ బయటి టవర్‌ను అందుకోవలసిన చోట. అందుకు బూస్టర్ కొనమనడం ఈ సందేశంలోకెల్లా ప్రమాదకరమైన సలహా. అనుమతి లేని బూస్టర్ వాడకం మన దేశంలో చట్టవిరుద్ధం, పైగా అది చుట్టుపక్కల వారి ఫోన్ కాల్స్‌ను చెడగొడుతుంది. ప్యానెల్‌కు విడి యాంటెన్నా తగిలించే వీలుంటే దాన్ని బయటి గోడకు బిగించి, వీలైనంత పొట్టి కేబుల్‌ను రేకు గుండా లోపలికి తెచ్చి, ఆ రంధ్రం నుంచి వాన నీరు కారకుండా సీలు చేస్తే సరిపోతుంది. బ్రాడ్‌బ్యాండ్ కేబుల్ ఉన్నవారు ప్యానెల్‌ను దానికి కలిపి, సిమ్‌ను రెండో దారిగా ఉంచుకోవచ్చు.