‘వచ్చాండా’ అనడానికి సిగ్గెందుకబ్బా?

మొన్న కడప ఏడురోడ్ల దగ్గర ఒక సెల్‌ఫోన్ షాపులో కవర్ కోసం నిలబడ్డాను. కౌంటర్ వెనకున్న పిల్లోడికి ఇంటి నుంచి ఫోన్. "వచ్చాండా మా, సంగటి కెలుకు, పది నిమిషాలు" అన్నాడు. మా రాయలసీమలో వచ్చాండా అంటే వస్తున్నా అని. ఫోన్ పెట్టేసి నావైపు తిరిగి "చెప్పండి సర్, చూపిస్తున్నానండి" అన్నాడు. అర నిమిషంలో కృష్ణా జిల్లాకు పోయొచ్చినట్టే.

టౌన్లలో భాష పాడైపోతోంది, ఇంగ్లిష్ మింగేస్తోంది అని మనవాళ్లు తెగ ఇదైపోతుంటారు. నాకైతే ఆ టెన్షన్ లేదు. నవాబులు ఏలిన కర్నూల్లో ఉర్దూ, హిందూపురంలో కన్నడం ఎన్నో తరాలుగా తెలుగులో కలిసే ఉన్నాయి, దానివల్ల ఎవరి తెలుగూ చచ్చిపోలేదు, పైగా ఊరికో రుచి వచ్చింది. కర్నూలోళ్లకు బుడ్డలు, కడపోళ్లకు శెనక్కాయలు. ఇప్పుడు ఏ సూపర్‌మార్కెట్‌కు పోయినా ప్యాకెట్ మీద పల్లీలే, బొరుగులు కూడా మరమరాలైపోయాయి. కొత్త మాట వచ్చిందని కాదు నా బాధ, పాత మాట పదిమందిలో అనడానికి నోరు రావడం లేదని. ఎట్లా వస్తుంది? సినిమాలో మన యాస వినబడిందంటే వెనకాలే సుమోలు, బాంబులు.

అందరికీ అర్థమయ్యే తెలుగు ఒకటి ఉండాలి కదా అంటారు. పేపర్‌కు, పరీక్షకు ఉండాలి, కాదనను. ఫోన్ కవర్ అమ్మడానికి కూడానా?

అసలా ‘మంచి తెలుగు’ ఆకాశం నుంచి ఊడిపడిందేం కాదు. కోస్తాలో చదువుకున్నవాళ్ల భాష పత్రికల్లోకి, పాఠపుస్తకాల్లోకి ఎక్కి కూర్చుంది, అంతే. పాతదనం లెక్కలోకి వస్తే, తెలుగులో దొరికిన తొలి శాసనంగా చెప్పే కలమళ్ల శాసనం మా కడప జిల్లాదే, క్రీ.శ. 575 నాటిది. కానీ పాతదనం కాదు, పెత్తనం లెక్క. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయింది, గుడారాల్లో ఆఫీసులు నడిచాయి, 1956లో అన్నీ సర్దుకుని హైదరాబాద్ పోయాయి. అదే ఇంకో ముప్పై ఏళ్లు ఉండుంటే? సెక్రటేరియట్ గుమాస్తాలు, పేపరోళ్లు, రేడియోవాళ్లు అందరూ కర్నూల్లోనే కాపురాలు పెట్టుంటే, ఈపాటికి బెజవాడ పిల్లోడు బెంజి సర్కిల్‌లో నిలబడి "వచ్చాండా సార్" అని ప్రాక్టీస్ చేస్తుండేవాడేమో!

షాపులో డబ్బులిచ్చేటప్పుడు "ఎంతబ్బీ?" అన్నాను. పిల్లోడు తలెత్తి చూసి నవ్వాడు.

"నూటయాభైన్నా. నువ్వు నూటిరవై ఇయ్‌లే."